కానరాని విమానము – కాచుకొనియున్న గడప



క్రిందటి మాసమున ఒక సోదరి నాకు వ్రాసిన లేఖలో నిట్లున్నది: "మలేషియా విమానము మాయమై యిన్ని యేండ్లయ్యెను. మరల వెదకింతుమని ఆ దేశపు ప్రభుత్వమువారు 2025 డిసెంబరులో ప్రకటించినది మొదలు మా యింట భోజనముల వేళ నదియే వాదము. దొంగలెత్తుకొని పోయిరని మా మఱిదిగారందురు. నడపినవాడే ముంచినాడని మా మామగారందురు. మీ యభిప్రాయమేమి?"

ఈ ప్రశ్న చదివి నేను నవ్వుకొనలేదు. ఏలయన ఇట్టి వాదములలో ఒకప్పుడు నేను అందరికంటె ముందుండినదానను. ఎందుచేత మానితినో మొదట చెప్పి, పిమ్మట ఆ సోదరికి బదులు చెప్పెదను.

మాది డోన్. పెద్దలు ద్రోణాచలమందురు. కర్నూలు, గుత్తి, నంద్యాల దారులు కలియు రైలుకూడలి యగుటచే మా యింటి గడియారము నిలిచినను రైలుకూతలు నిలువవు. 2014 మార్చి నెలలో నొక మధ్యాహ్నము మా యరుగుమీద నలుగురైదుగురము కూర్చుండి వేరుసెనగకాయలు ఒలుచుచుంటిమి. విమానము మాయమై అప్పటికి పదిదినములు కూడ కాలేదు. ఉదయమున పత్రికలో చదివిన సంగతులను నేను పురాణము చెప్పినట్లు చెప్పుచుంటిని. దీవిలో దింపియుందురని యొకమాటు, మంటలంటుకొనియుండునని యొకమాటు, గాలి చాలక అందరును నిద్రలోనే పోయియుందురని యొకమాటు. వినువారు చేతిపని మఱచి వినుచుండిరి. నాకును గొప్పగానే యుండెను.

మా వీధి చివరి యింటి అవ్వ మాత్రము తలయెత్తక కాయలు ఒలుచుచుండెను. ఆమె కొడుకు పందొమ్మిదవ యేట ఇంట మాటపట్టింపు వచ్చి, రాత్రి హైదరాబాదు బండి యెక్కి పోయి మరల రాలేదు. అప్పటికి పదునొకండేండ్లు. ఆ సంగతి నాకు తెలియును. తెలిసియు మఱచితిని. నా ప్రసంగము ముగియగానే ఆమె మెల్లగా అడిగినది: "అమ్మీ, వాండ్లు సచ్చిపోయినారని యెవురన్నా సూసినారా?"

"లేదవ్వా" అంటిని.

"సూడంది యెందుకు సెప్పుకోవల్ల? యేడుండారో అది సెప్పమ్మీ."

అని చేట తీసికొని లేచి పోయినది. ఆ దినమున నాకు అన్నము సహింపలేదు. ఊహలల్లు మనము "ఎట్లు? ఎవరు?" అని యడుగుదుము. ఎదురుచూచు గడప అడుగునది "ఎక్కడ?" అను నొక్కమాటయే. ఈ రెండు ప్రశ్నలకును గల దూరము నాకు ఆ యవ్వ చూపినది.

"ఎక్కడ" యను ప్రశ్న ఎంత బరువైనదో మన జిల్లా వారికి వేరుగా చెప్పనక్కరలేదు. 2009 సెప్టెంబరు 2వ తేదీ ఉదయమున అప్పటి ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డిగారు హైదరాబాదులోని బేగంపేటనుండి హెలికాప్టరులో చిత్తూరు జిల్లాకు బయలుదేరిరి. వారితో మరి నలుగురుండిరి. వానమబ్బుల నడుమ నల్లమలపై హెలికాప్టరు జాడ తప్పెను. నేను అప్పటికి క్రొత్తగా కాపురమునకు వచ్చినదానను. క్షేమముగా దిగిరనియు, రోడ్డుమీద కర్నూలు వచ్చుచున్నారనియు ఆ దినమున వినవచ్చిన మాటలు విని మా వీధివారు దేవునికి దీపములు పెట్టిరి. మఱునాటి యుదయమున పావురాలగుట్టపై శకలములు కనబడెను. ఐదుగురును మృతులైరి. తప్పువార్త వెలిగించిన దీపములను ఆర్పుటకు ఎవరికిని చేతులాడలేదు. అడవి అంత దట్టమైనదైనను అది భూమియే గనుక, వైమానికదళమువారును, పోలీసులును, అడవి తెలిసిన జనులును వెదకగా ఇంచుమించు ఒక దినములో జాడ దొరికినది. సముద్రము అట్టి దయ చూపదు.

ఇక మలేషియా విమానము మాట. 2014 మార్చి 8వ తేదీ రాత్రి 12 గంటల 42 నిమిషములకు అది కౌలాలంపూరునుండి చైనా రాజధాని బీజింగునకు లేచెను. ప్రయాణికులు 227 మంది, సిబ్బంది 12 మంది, మొత్తము 239 ప్రాణములు. అందు మన దేశస్థులైదుగురు. 1 గంట 19 నిమిషములకు విమానమునుండి "శుభరాత్రి" యను మాట వినబడెను. అదియే తుదిపలుకు. రెండు నిమిషములలో దాని గుర్తు రాడారు తెరపైనుండి పోయెను. పిమ్మట అది వెనుకకు మరలి మలయా ద్వీపకల్పమును దాటి అండమాను సముద్రమువైపు వచ్చుట అక్కడి సైన్యపు రాడారు చూచినది. 2 గంటల 22 నిమిషములకు ఆ జాడయు పోయెను. మన నౌకాదళమువారును అండమాను సముద్రమున వెదకిరి.

ఇచ్చటితో కథ ముగిసియుండవలసినది. కాని ఆకాశమున నొక సాక్షి యుండెను. హిందూమహాసముద్రముపై నిలిచిన ఉపగ్రహమొకటి ఇంచుమించు గంటకొకసారి విమానమును "ఉన్నావా?" అని పలుకరించును. విమానములోని యంత్రము "ఉన్నాను" అని బదులిచ్చును. ఆ రాత్రి భూమినుండి చేసిన రెండు ఫోనుపిలుపులకు మనుష్యులు పలుకలేదు. యంత్రము మాత్రము ఉదయము 8 గంటల 19 నిమిషముల వరకు పలికినది.

ఆ పలుకులో "నేను ఫలానిచోట నున్నాను" అని లేదు. అయినను పండితులు దానినుండి రెండు సంగతులు రాబట్టిరి. బదులు వచ్చుటకు పట్టిన కాలమునుబట్టి విమానము ఉపగ్రహమునకెంత దూరమో తెలిసెను. దూరము తెలిసినచో భూగోళముపై నొక వంపుగీత గీయవచ్చును. విమానము ఆ గీతపై నెక్కడనో యుండవలెను. ఆ గీత ఒక కొన ఉత్తరమున మధ్యాసియా వైపును, ఒక కొన దక్షిణసముద్రమువైపును పోయెను. మరి ఏ కొనకు పోయెను? ఇందుకు రెండవ సంగతి సాయపడినది. మా యింటి పెరటిలో నిలిచి వినువారికి అది తేలికగా బోధపడును. రైలు మనవైపు వచ్చుచున్నప్పుడు కూత సన్నగా హెచ్చుస్థాయిలో వినబడును. దాటిపోవునప్పుడు అదే కూత దిగి బొంగురుగా వినబడును. కండ్లు మూసికొన్నను బండి వచ్చుచున్నదో పోవుచున్నదో చెప్పవచ్చును. అట్లే విమానపు పలుకు యొక్క స్థాయిలో కలిగిన స్వల్పభేదములను లెక్కించి, అది దక్షిణముగా పోయినదని తేల్చిరి. 2014 మార్చి 24న మలేషియా ప్రధానమంత్రి ఆ మాట లోకమునకు చెప్పెను.

చూచితిరా! ఎవరును కంటితో చూడలేదు. అయినను ఇది వట్టి ఊహ కాదు. ఒక్కొక్క ఆనవాలును తూచి, దాని కంటె ఒక్క అడుగైనను ముందునకు పోక చెప్పిన మాట.

అరణ్యపర్వమున నలుడు విడిచిపోయిన పిమ్మట దమయంతి చేసినదియు నిదియే కదా. ఆమె తండ్రియింట కూర్చుండి, నా భర్త పులివాతబడెనో, మరియొకతెను పెండ్లాడెనో అని ఊహింపలేదు. ఆయనకు మాత్రమే అర్థమగు నొక ప్రశ్నను బ్రాహ్మణుల కిచ్చి దేశదేశములకు పంపినది. ఋతుపర్ణుని కొలువున బాహుకుడను సారథి దానికి బదులు పలికెనని పర్ణాదుడు వచ్చి చెప్పినను వెంటనే నమ్మలేదు. ఒక్క దినములో నూరు యోజనములు రథము తోలగలవాడా యని చూచినది. కేశినిని పంపి చర్యలు గమనింపజేసినది. వండిన వంట తెప్పించి రుచి చూచినది. తుదకు బిడ్డలను పంపి, వారిని చూచి అతడు కన్నీరు విడుచునా యని తెలిసికొన్నది. "ఉన్నావా?" యని పిలుచుట, పలికిన పలుకును పరీక్షించుట, ఈ రెండే ఆమె చేసిన పనులు. ఉపగ్రహపు లెక్కలు చదివినప్పుడెల్ల నాకు దమయంతి జ్ఞప్తికి వచ్చును.

2015 జూలై 29న మరియొక ఆనవాలు దొరికినది. హిందూమహాసముద్రపు పడమటనున్న రీయూనియను దీవి తీరమున, రెక్క వెనుకయంచున నుండు తునక యొకటి కొట్టుకొని వచ్చెను. లోపలి భాగములపై నున్న అంకెలనుబట్టి అది ఆ విమానపుదేయని నిర్ణయించిరి. పిదప టాంజానియా, మారిషసు తీరములకు వచ్చిన తునకలును దానివేయని తేలెను. ఆకాశమార్గమున పోవుచు సీతమ్మ మూటగట్టి విడిచిన నగలు ఋష్యమూకమున దొరకినట్లాయెను. రాముని కండ్ల నీరు క్రమ్మగా లక్ష్మణుడు కాలియందెలను మాత్రము గుర్తించెను గదా. నగలు దొరకినంత మాత్రమున సీత దొరకలేదు. కాని ఏ దిక్కునకు పోవలెనో తెలిసినది.

కాబట్టి లేఖ వ్రాసిన సోదరీ! మీ మఱిదిగారికి మెల్లగా చెప్పుడు: దీవిలో దింపిరనుటకును, ఉత్తరదేశములకు కొనిపోయిరనుటకును ఈ యానవాళ్లు ఒప్పుకొనవు. లేచిన వెంటనే మంటలలో కాలిపోయినదనుటయు పొసగదు, ఏడుగంటలకు పైగా ఎగిరినది గనుక. మీ మామగారికి ఇంకను మెల్లగా చెప్పుడు: 2018 జూలైలో వెలువడిన మలేషియా పరిశోధకుల నివేదిక, విమానము మరలుట మనిషిచేతి పనియే యగునని చెప్పినదిగాని, ఎవరి చేయియో చెప్పలేదు. ఇతరులెవరైన జోక్యము చేసికొనియుండవచ్చునను మాటను త్రోసివేయజాలమనియు, కారణము నిర్ణయింపజాలమనియు వ్రాసినది. సంవత్సరములు శ్రమించినవారు వేయలేని నిందను మనము పులుసన్నము కలుపుకొనుచు వేయవచ్చునా? నడపినవానికిని ఒక యిల్లున్నది. ఆ యింటివారును ఎదురుచూచినవారే.

ఇన్ని గుర్తులుండియు దొరకకుండుటేమని మీరడుగవచ్చును. ఆస్ట్రేలియావారి నాయకత్వమున 2017 జనవరి వరకు 1,20,000 చదరపు కిలోమీటర్ల సముద్రతలమును గాలించిరి. మన పూర్వపు కర్నూలు జిల్లా వైశాల్యము 17,658 చదరపు కిలోమీటర్లు. అట్టి జిల్లాలు ఇంచుమించు ఏడనుకొనుడు. చీకటిలో, కొండలు లోయలు గల నీటియడుగున అంత మేర వెదకుట. 2018లో ఓషను ఇన్ఫినిటీ యను సంస్థవారు మరి లక్ష చదరపు కిలోమీటర్లకు పైగా వెదకిరి. ఆ రెండు వెదకుటలందును దొరకలేదు. నీటిలో మునిగినప్పుడు "ఇచ్చట నున్నాను" అని చప్పుడు చేయు పరికరము విమానములలో నుండును. దాని ఆయువు అప్పట్లో 30 దినములే. ఈ యనుభవము పిమ్మట దానిని 90 దినములకు పెంచిరి. సముద్రముమీద పోవు పెద్ద ప్రయాణికుల విమానముల జాడను 15 నిమిషములకొకసారి తెలిసికొనవలెనను నియమము 2018 నవంబరునుండి అమలులోనికి వచ్చినది. 239 కుటుంబముల దుఃఖము లోకమునకిచ్చిన రక్షణయిది.

దూరదేశపు సంగతి యనుకొనకుడు. మన తెలుగుగడపలకును ఈ కష్టము వచ్చినది. 2016 జూలై 22వ తేదీ ఉదయమున మన వైమానికదళపు ఏఎన్-32 విమానము చెన్నై దగ్గరి తాంబరమునుండి పోర్టుబ్లెయిరునకు 29 మందితో బయలుదేరి, బంగాళాఖాతముపై అదృశ్యమాయెను. అందు ఎనమండుగురు విశాఖపట్టణమునందలి నౌకాదళ ఆయుధాగారపు ఉద్యోగులు. ఓడలును విమానములును వారములకొలది వెదకెను. సెప్టెంబరులో అన్వేషణము ముగించి, అందరును మరణించినట్లే భావింపవలసియున్నదని కుటుంబములకు తెలిపిరి. "భావింపవలసి" యను ఆ మాట ఎంత క్రూరమైనదో మీరే యోచింపుడు. కుంకుమ పెట్టుకొనవలెనా వలదా యని భావించుటెట్లు?

ఏడున్నర సంవత్సరములు గడచెను. 2024 జనవరి 12న రక్షణశాఖవారు ఒక వార్త తెలిపిరి. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారు మనుష్యుడు లేక తనంతట తాను మునిగి వెదకు యంత్రమును పంపగా, చెన్నై తీరమునకు 310 కిలోమీటర్ల దూరమున, 3,400 మీటర్ల లోతున ఆ విమానపు శకలముల ఛాయాచిత్రములు లభించినవి. ఆ ప్రాంతమున మరే విమానమును తప్పిపోయిన చరిత్ర లేదు గనుక అది ఏఎన్-32దే యగునని నిర్ణయించిరి. నల్లమలలోని మిక్కిలి ఎత్తైన శిఖరములు వేయి మీటర్లకు కొంచెము మించును. అట్టివి మూడింటిని ఒకదానిపై నొకటి నిలిపినంత లోతు. పోయిన వారు మరలి రాలేదు. అయినను "ఎక్కడ?" యను ప్రశ్నకు బదులు వచ్చినది. సముద్రమువైపు తిరిగి నమస్కరింపవలసినవారికి ఏ దిక్కునకు తిరుగవలెనో తెలిసినది. అది చిన్న మేలు కాదు.

జాడ తెలియని వారి విషయమున చట్టమునకు నొక గడువు కలదు. సహజముగా కబురు తెలియవలసిన వారికి ఏడు సంవత్సరములు ఏ కబురును తెలియనిచో, అతడు బ్రదికియున్నాడనువారే దానిని నిరూపింపవలెను. 1872 నాటి సాక్ష్యచట్టములోనిదే ఈ నియమము 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ సాక్ష్య అధినియమములోను నిలిచినది. పింఛనునకును, ఆస్తిపాస్తులకును ఇది ఆవశ్యకము. ఇట్టి కష్టముననున్న ఇల్లాండ్రు దీనిని తెలిసికొని యుండవలెను. మన పెద్దలు సాధారణముగా పండ్రెండేండ్లు చూచి, మోదుగాకులతోను దర్భలతోను మనిషి ప్రతికృతి చేసి దహనము చేయించు ఆచారము నేర్పరచిరి. దేహము లేనప్పుడు దుఃఖమునకొక దేహమునిచ్చుట యని నేను దానికి అర్థము చెప్పుకొందును.

అవ్వ కొడుకు పోయి పండ్రెండేండ్లు నిండగానే ఆమె బంధువులు నాయొద్దకు వచ్చిరి. "నీవు శాస్త్రములు చదివినదానవు గదా, ఆ కర్మ చేయింపుమని నీవే చెప్పుము" అనిరి. వెళ్లితిని. ఆమె రాత్రి యన్నము వార్చి, ఒక పిడికెడు వేరుగా మూతపెట్టి, తలుపు గడియ వేయక దగ్గరగా చేర్చుచుండెను. నాకు నోరు రాలేదు. మావారిచేత ఆ పిల్లవాని పాఠశాలనాటి ఛాయాచిత్రముతో పెద్ద స్టేషన్ల పోలీసులకు లేఖలు వ్రాయింతునని మాత్రము చెప్పి వచ్చితిని. మావారు వ్రాసిరి. బదులు రాలేదు. కాని లేఖ వేసిన ప్రతిమారును "ఈసారి యేడికి రాసినారమ్మీ?" అని ఆమె అడుగుచు, ఆ యూరి పేరు రెండుమూడుమార్లు తనలో తాననుకొనెడిది.

మరి నాలుగేండ్లకు, మహాలయపక్షమున, ఆమెయే మా యింటికి వచ్చినది. చేత పాతచొక్కా యొకటి. "ఇంగ సాలమ్మీ. యెట్ల సేయాల్నో సెప్పు" అన్నది. తమ్ముని కొడుకుచేత కర్మ జరిపించినది. బూడిద నెక్కడ కలుపవలెనని పురోహితుడడుగగా, తుంగభద్రలోననియే చెప్పినది. ఏమవ్వా యని నేనడుగగా, "ఆ బండి ఆ వంతెన మిందనే కదా పోయేది. ఆడిదాక పోయినాడని నాకు తెలుసు" అన్నది.

లోకములోని పండితులందరును గీచిన వంపుగీతవంటిదే ఆ మాటయును. తెలిసినంత దూరము పోయి, అచ్చట నిలిచినది. ఆ నిలుచుట ఎప్పుడో ఆమెయే నిర్ణయించుకొన్నది. నేను తొందరపెట్టియుండినచో జీవితాంతము బాధపడుదును.

సోదరీమణులారా! విమానములే కాదు, రైలెక్కి పోయినవారు, పరదేశమునకు పనికి పోయి కబురు లేనివారు, ప్రతి యూరనున్నారు. అట్టి యింటికి పోయినప్పుడు "ఏమైయుండునో" యని మన తెలివి చూపవలదు. పోయెననియు చెప్పవలదు, తప్పక వచ్చుననియు చెప్పవలదు. ఆ రెండును మనము చూడనివే. ఫిర్యాదు వ్రాయుట, ఛాయాచిత్రము పంపుట, చట్టపు గడువు తెలియజెప్పుట, ఒక పూట వారి గడపలో కూర్చుండి కాయలు ఒలుచుట, ఇవి మనచేతనైన పనులు. ఆశ విడుచుటయు నిలుపుకొనుటయు ఆ యింటివారి హక్కు.

లేఖ వ్రాసిన సోదరికి నా యభిప్రాయమిదియే. ఆ విమానము దక్షిణసముద్రమున నున్నది. ఎట్లు పోయెనో నేను చెప్పను. అది దొరకవలెనని మాత్రము కోరుదును. వాదము గెలుచుటకు కాదు. 239 గడపలలో ఎవరైన నింకను తలుపు దగ్గరగా చేర్చి పండుకొనుచుందురేమో, వారికి ఎక్కడనో తెలియుటకు.